అట్ట మీద రెండు పేర్లు

బొమ్మల కథల పుస్తకం చేతికి రాగానే మన కళ్ళు ముందు బొమ్మ మీదికే పోతాయి. బొమ్మ వేసిందెవరో తెలుసుకోవాలని కొందరికైనా అనిపిస్తుంది. కథ రాసిందెవరని అడిగేవాళ్ళు తక్కువ. పిల్లలు చదువుకునే బొమ్మల కథకి మళ్ళీ రచయిత ఒకడా అనుకునే రోజులు యూరప్‌లోనూ చాలాకాలం నడిచాయి. ఆ రోజుల్లో, హక్కులు కావాలని అడిగినందుకు ఒక రచయితని పనిలోంచి తీసేస్తే, అతనితోపాటు తనూ బయటికి నడిచిన ఒక చిత్రకారుడి గురించి ఇవాళ మాట్లాడతాను. ఆయన పేరు ఆల్బెర్ ఉడెర్జో. ఆ రచయిత పేరు రెనే గొసీనీ. ఇద్దరిదీ ఫ్రాన్సు. ఇద్దరూ కలిసి పుట్టించిన వీరుడు ఆస్టెరిక్స్.

ఆస్టెరిక్స్‌ని మీలో కొందరు ఇంగ్లీషులో చదివే ఉంటారు. చదవనివాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెబుతాను. క్రీస్తుపూర్వం 50. ఇప్పటి ఫ్రాన్సుని అప్పట్లో గాల్ దేశం అనేవారు. జూలియస్ సీజర్ ఆ దేశాన్నంతా గెలిచాడు, సముద్రం ఒడ్డున ఉన్న ఒక్క చిన్న పల్లెని తప్ప. ఆ పల్లెలో గెటాఫిక్స్ అనే తెల్లగడ్డం పెద్దాయన మూలికలతో ఒక కషాయం కాస్తాడు. అది తాగినవాడికి కాసేపు ఎక్కడలేని బలం వస్తుంది. ఆ ఊళ్ళో తెలివైన మరుగుజ్జు మీసాలవాడు ఆస్టెరిక్స్. అతని ప్రాణస్నేహితుడు ఒబెలిక్స్, చారల లాగు వేసుకున్న భారీ మనిషి. చిన్నప్పుడు కషాయం కాగులో పడ్డాడు కనక అతనికి బలం శాశ్వతంగా ఉండిపోయింది. ఇక మళ్ళీ తాగనివ్వరు, అదే అతని జీవితంలో తీరని దిగులు. రోమన్లు వస్తారు, తన్నులు తింటారు, పోతారు. చివర ఊరంతా వెన్నెట్లో కూచుని అడవిపంది విందు చేసుకుంటారు. కథ ఇంతే. ఈ ఇంతే కథ వందకు పైగా భాషల్లోకి, మాండలికాల్లోకి వెళ్ళింది. ఉడెర్జో చనిపోయేనాటికి ప్రపంచమంతటా దాదాపు 38 కోట్ల ప్రతులు అమ్ముడయ్యాయి.

రచయితా చిత్రకారుడూ జంట అనగానే తెలుగువాళ్ళకి బాపు రమణలు గుర్తొస్తారు. ఆ స్నేహాన్ని మనం ఒకే ప్రాణం రెండు శరీరాలన్నట్టు చెప్పుకుంటాం. ఉడెర్జో, గొసీనీల స్నేహం కూడా గట్టిదే. అయితే వాళ్ళ పని చూస్తున్నకొద్దీ నాకు అర్థమైంది వేరు. ఆ జంటని నిలబెట్టింది ఇద్దరి మధ్యా ఉన్న పోలికల కన్నా తేడాలే. ఒకరికి నచ్చినదాన్ని రెండోవాళ్ళు వద్దనేవారు. ఆ వద్దన్నచోటే కొత్తది పుట్టేది. ఈ మాటని నిరూపించడానికి ఉడెర్జో జీవితం కన్నా మంచి సాక్ష్యం దొరకదు. ఎందుకంటే ఆ జీవితంలో రచయిత రాకముందు కాలం ఉంది, రచయిత ఉన్న కాలం ఉంది, రచయిత పోయాక గడిచిన కాలమూ ఉంది. మూడింట్లోనూ చెయ్యి ఒకటే.

ఆ చేతి సంగతే ముందు చెప్పాలి. 1927 ఏప్రిల్ 25న ఫ్రాన్సులో ఫీమ్ అనే ఊళ్ళో ఉడెర్జో పుట్టినప్పుడు ఒక్కో చేతికి ఆరేసి వేళ్ళున్నాయి. చిన్నతనంలోనే ఆపరేషన్ చేసి అదనపు వేళ్ళు తీసేశారు. తల్లిదండ్రులు ఇటలీ నుంచి బతుకుతెరువు కోసం వచ్చినవాళ్ళు. తండ్రి వడ్రంగి. పిల్లవాడికి ఫ్రెంచి పౌరసత్వం వచ్చింది 1934లో, ఏడేళ్ళ వయసులో. పారిస్ శివార్లలో క్లిషీ సూ బువాలో పెరిగాడు. మిక్కీ మౌస్ బొమ్మలంటే పిచ్చి. రంగుల బొమ్మలు వేయబోతే పచ్చకీ ఎరుపుకీ తేడా పడేది కాదు. వర్ణాంధత్వం ఉందని తేలింది. అందుకేనేమో, ఆయన బలమంతా గీతలోకి వచ్చేసింది. నల్లసిరాతో గీసిన ఉడెర్జో పేజీకి రంగు వేయకపోయినా లోటు కనిపించదు. దగ్గరున్నదేదో, దూరంగా ఉన్నదేదో, ఎవడు బరువైనవాడో, ఎవడు తేలికో గీత మందమే చెప్పేస్తుంది.

అన్నయ్య బ్రూనో తమ్ముడి చెయ్యి చూసి, పారిస్‌లో పిల్లల పత్రికలు వేసే ఒక ప్రచురణ సంస్థకి తీసుకెళ్ళాడు. అది 1940, ఆల్బెర్‌కి 13 ఏళ్ళు. అక్కడ అక్షరాలు దిద్దడం, మాటల బుడగలు నింపడం, ఇంకొకళ్ళ బొమ్మలు సరిచేయడం నేర్చుకున్నాడు. బళ్ళో నేర్పే చిత్రకళ ఆయనకి లేదు. అచ్చు పని చేసే గదిలో, పెద్దవాళ్ళ భుజాల మీదుగా చూసి నేర్చుకున్న విద్య అది. దేశం జర్మన్ల చేతిలో ఉన్న ఆ రోజుల్లో కొంతకాలం అన్నతో కలిసి పడమటి తీరాన ఉన్న బ్రిటనీ ప్రాంతంలో తలదాచుకున్నాడు. ఆ రాళ్ళ తీరం, ఆ గడ్డికప్పుల ఇళ్ళు మనసులో ఉండిపోయాయి. తర్వాత ఆస్టెరిక్స్ ఊరు ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న వచ్చినప్పుడు, పక్కన సముద్రం ఉంటే చాలు, పడవ ప్రయాణాలకి పనికొస్తుంది, మిగతాది నీ ఇష్టం అన్నాడు గొసీనీ. ఉడెర్జో వేలు నేరుగా బ్రిటనీ మీద పెట్టాడు.

యుద్ధం ముగిశాక ఆయన వేసిన వీరుల్ని వరసగా చూడండి. ఆరిస్ బక్, బెల్లోయ్. ఒకడు కండల రాజకుమారుడు, ఇంకొకడు ఎవరూ ఓడించలేని యోధుడు. అందరూ విశాలమైన ఛాతీ, ఎగిరే జుట్టు. అమెరికా పత్రికల నుంచి వచ్చిన బలశాలులకి ఫ్రెంచి దుస్తులు తొడిగినట్టుంటారు. బొమ్మ వేయడంలో లోటు లేదు. కానీ పాతికేళ్ళు రాని ఆ కుర్రవాడికి బలమంటే కండే. ఆ నమ్మకాన్ని ప్రశ్నించేవాడు ఇంకా తగల్లేదు.

1951లో తగిలాడు. బెల్జియం వాళ్ళ వరల్డ్ ప్రెస్ అనే ఏజెన్సీకి పారిస్‌లో ఒక ఆఫీసు ఉండేది. పత్రికలకి బొమ్మల కథలు తయారుచేసి ఇచ్చే చోటు అది. అక్కడికి అమెరికా నుంచి వచ్చిన ఒక మనిషి చేరాడు. చక్కగా టై కట్టుకుని, మర్యాదగా, మెత్తగా మాట్లాడతాడు. అతనే గొసీనీ. 1926లో పారిస్‌లోనే పుట్టినా, రెండేళ్ళకే కుటుంబంతో అర్జెంటీనా వెళ్ళిపోయాడు. తండ్రిది పోలండ్, తల్లిది ఉక్రెయిన్, ఇద్దరూ యూదులు. బ్యూనస్ ఐరిస్‌లో ఫ్రెంచి బళ్ళో చదివాడు. 17 ఏళ్ళకే తండ్రి పోయాడు. యూరప్‌లో ఉండిపోయిన దగ్గరి బంధువులు కొందరు నాజీల శిబిరాల్లో చనిపోయారు. తల్లితో న్యూయార్క్ చేరి, పని దొరక్క తిరిగి, చివరికి హార్వీ కుర్ట్జ్‌మన్ లాంటి కార్టూనిస్టుల మధ్య పడ్డాడు. ఆ కుర్ట్జ్‌మనే తర్వాత మ్యాడ్ పత్రిక మొదలుపెట్టాడు. గొసీనీ కూడా బొమ్మలు వేయాలనే వచ్చాడు. వచ్చాక తన చెయ్యి కన్నా తన మాట పదునైనదని తెలుసుకుని, కుంచె పక్కనపెట్టి టైపురైటర్ ముందు కూచున్నాడు.

ఇద్దరూ మొదట కలిసి చేసింది ఒక మహిళా పత్రికలో మర్యాదల శీర్షిక. విందులో ఎలా కూచోవాలి, ఎవరికి ముందు నమస్కరించాలి, అలాంటివి. ఆ తర్వాత పిస్తొలె అనే సముద్రపు కుర్రవాడి కథ, లూక్ జూనియర్ అనే విలేకరి కథ, ఉంపాపా అనే అమెరికా ఆదివాసీ వీరుడి కథ. ఉంపాపాని 1951లోనే అనుకున్నారు, కొనేవాడు దొరకలేదు. ఏడేళ్ళ తర్వాత, 1958లో, టాన్‌టాన్ వారపత్రికలో మొదలైంది. పాఠకుల ఓటింగులో పదకొండో స్థానం వచ్చింది. కొన్నాళ్ళకి ఆపేశారు. ఆస్టెరిక్స్ ఒక్కరోజులో ఊడిపడ్డాడని చెప్పుకుంటారు గానీ, దానికి ముందు ఇద్దరూ కలిసి ఎనిమిదేళ్ళు పేజీలు నింపారు. ఒకరి వేగం ఒకరికి అలవాటైంది ఆ పేజీల మీదే.

ఈ మధ్యలోనే 1956 వచ్చింది. బొమ్మల కథలు రాసేవాళ్ళకీ వేసేవాళ్ళకీ అప్పట్లో పేజీకింత అని చేతిలో పెట్టేవారు. ఆ బొమ్మలు తర్వాత ఎన్నిసార్లు అచ్చేసుకున్నా, ఎన్ని దేశాలకి అమ్ముకున్నా వీళ్ళకి సంబంధం లేదు. రచయిత పరిస్థితి ఇంకా అన్యాయం, చాలాచోట్ల పేరే వేసేవారు కాదు. గొసీనీ, ఉడెర్జో, వాళ్ళ మిత్రుడు జాన్ మిషెల్ షార్లియే అనే రచయితా కలిసి, కళాకారుల హక్కుల పత్రం ఒకటి రాయించి తోటివాళ్ళతో సంతకాలు పెట్టించారు. సంగతి యజమానులకి చేరింది. గొసీనీని తీసేశారు. ఉడెర్జో ఉండిపోవచ్చు. బొమ్మలు వేసేవాడు వాళ్ళకి కావాలి. అప్పటికి పెళ్ళై మూడేళ్ళు, అదే ఏడు కూతురు పుట్టింది. అయినా ఉడెర్జో బయటికొచ్చేశాడు, షార్లియే కూడా వచ్చేశాడు. ముగ్గురూ మరో మిత్రుడితో కలిసి సొంతంగా చిన్న ఏజెన్సీ పెట్టుకుని, వ్యాపార ప్రకటనల బొమ్మలు కూడా వేసుకుంటూ రోజులు నెట్టుకొచ్చారు. ఈ జంట స్నేహాన్ని గురించి మాట్లాడేవాళ్ళు ఎక్కువగా వాళ్ళ నవ్వుల్నే గుర్తుచేసుకుంటారు. ఆ నవ్వుల కింద ఈ పునాది ఉంది. నీ పేరు పోతే నా పేరూ అక్కర్లేదని ఒకడు చేతలతో చూపించాడు.

ఇక 1959. రేడియోలో మాట్లాడుతున్నాను కనక ఈ ముక్క ఇష్టంగా చెబుతాను. ఆస్టెరిక్స్ పుట్టుకలో ఒక రేడియో చెయ్యి ఉంది. రేడియో లక్సెంబర్గ్ అండతో పిలోత్ అనే పిల్లల వారపత్రిక మొదలవుతోంది. మొదటి సంచిక తేదీ అక్టోబరు 29. దానిలోకి ఒక కథ కావాలి. ముందు గుంటనక్క రెనార్ కథల్ని బొమ్మల్లోకి తేవాలనుకున్నారు, మన పంచతంత్రంలా ఫ్రెంచివాళ్ళకి పాత జంతుకథలు అవి. తీరా కొన్ని బొమ్మలు వేశాక, ఆ పని ఇంకో చిత్రకారుడు అప్పటికే చేస్తున్నాడని తెలిసింది. పత్రిక బయటికి రావడానికి రెండు నెలలే ఉంది. బొబిన్యీలో ఉడెర్జో ఉండే అపార్ట్‌మెంట్‌లో ఆగస్టు ఎండలో ఇద్దరూ కూచుని, ఫ్రాన్సు చరిత్ర మొదటి నుంచీ ఒక్కో కాలం చెప్పుకుంటూ వచ్చారు. గాల్ జాతి దగ్గర ఆగారు. అక్కడినుంచి ఊరు, పేర్లు, కషాయం ఆ కూచున్న కూచోవడంలోనే వచ్చేశాయి.

గాల్ జాతివాళ్ళు మన పూర్వీకులని ఫ్రాన్సు బడిపుస్తకాలు పిల్లలకి గర్వంగా నేర్పేవి. ఆ గర్వం మీద ప్రేమగా జోకు వేసిన ఇద్దరిలో ఒకడు ఇటలీ వడ్రంగి కొడుకు, అంటే సీజర్ దేశపు మనిషి. ఇంకొకడు పోలండ్, ఉక్రెయిన్ యూదుల బిడ్డ, అర్జెంటీనాలో పెరిగినవాడు. ఇద్దరిలో ఎవరి వంశంలోనూ గాల్ రక్తం లేదు. ఇంటి మనుషులకి కనిపించని వింతలు కాస్త పక్కనుంచి చూసేవాళ్ళకి కనిపిస్తాయి. ఫ్రెంచివాళ్ళ తిండి, గొడవలు, గొప్పలు, పక్క దేశాల మీద వాళ్ళకున్న అభిప్రాయాలు, అన్నీ ఆ ఇద్దరి కళ్ళకీ చక్కగా ఆనాయి.

నేను మొదట్లో చెప్పిన తేడా ఆ గదిలోనే బయటపడింది. ఉడెర్జో అలవాటు ప్రకారం పొడుగాటి, బలిష్ఠుడైన యోధుణ్ణి గీశాడు. గొసీనీ ఒప్పుకోలేదు. తనకి కావలసింది చిన్నవాడు, అందగాడు కానివాడు, తెలివితో నెగ్గేవాడు. ఉడెర్జో బొమ్మ మార్చాడు. కానీ తన బలశాలిని పూర్తిగా వదులుకోలేదు, పక్కన ఒక పెద్ద మనిషిని ఉండనివ్వమన్నాడు. గొసీనీ సరేనని, ఆ పెద్ద మనిషికి నిలువురాళ్ళు చెక్కి మోసుకొచ్చి ఇచ్చే ఉద్యోగం పెట్టాడు. మొదటి పుస్తకంలో ఒబెలిక్స్‌కి పెద్దగా పని లేదు. రెండో పుస్తకం నుంచి ప్రయాణాల్లో తోడయ్యాడు. తర్వాత్తర్వాత ఆ పుస్తకాల గుండెకాయే అతనయ్యాడు. లావుగా ఉన్నావంటే ఒప్పుకోని పౌరుషం, చెట్టు కూలిస్తే ఏడ్చే కుక్కపిల్ల మీద మమకారం, అందమైన అమ్మాయిని చూస్తే నోట మాట రాకపోవడం, అన్నీ గొసీనీ రాసినవే. చిత్రకారుడు బతిమాలి పెట్టించుకున్న పాత్రకి రచయిత ప్రాణం పోశాడు. రచయిత పట్టుబట్టిన మరుగుజ్జుకి చిత్రకారుడు రెక్కల టోపీ పెట్టి చిరకాలం నిలబెట్టాడు. ఒకడి పిల్లవాణ్ణి ఇంకొకడు పెంచాడు.

వాళ్ళు పనిచేసే పద్ధతి చాలా క్రమంగా ఉండేది. ముందు గొసీనీ కథ మొత్తం క్లుప్తంగా రాసి ఇచ్చేవాడు. ఉడెర్జో సరేనన్నాక పేజీలవారీగా స్క్రిప్టు టైపు చేసేవాడు. కాగితం ఒకవైపు ఒక్కో గడిలో ఏం జరుగుతుందో వివరం, రెండోవైపు ఎవరు ఏం మాట్లాడతారో. 44 పేజీల పుస్తకంలో ప్రతి గడీ లెక్కే. వారపత్రికలో సీరియల్ కనక, ప్రతి వారం పేజీ చివర పాఠకుణ్ణి లాగి పట్టుకోవాలి. ఇంత కట్టుదిట్టంగా రాసి ఇస్తే చిత్రకారుడికి మిగిలేదేముంది అనిపించవచ్చు. మిగిలిందంతా అక్కడే ఉంది. రోమన్ సైనికుణ్ణి కొట్టాడని ఒక వాక్యంలో రాసేయచ్చు. ఆ దెబ్బకి వాడు గాల్లోకి లేచిపోతే, చెప్పులు మాత్రం నేల మీద అలాగే జతగా నిలబడి ఉండటం ఉడెర్జో చేతి మాట. విందు చేసుకున్నారని రాయచ్చు. ఆ విందులో ముప్ఫై మందిని కూచోబెట్టి, ఏ ఇద్దరి ముఖాలూ ఒకేలా లేకుండా, ఎవడు ఎవడి మీద అలిగాడో కూడా కనిపించేలా వేయడం ఉడెర్జో ఓపిక. ఆయన పాత్రల చేతులు గమనించండి. ముఖం కన్నా ముందు చేతులే కోప్పడతాయి, సిగ్గుపడతాయి, అబద్ధమాడతాయి.

ఇంకో సంగతి. అదే పిలోత్ పత్రికలో అదే మొదటి సంచిక నుంచి ఉడెర్జో ఇంకో సీరియల్ కూడా వేసేవాడు. షార్లియే రాసిన యుద్ధవిమాన పైలట్ల కథ, తాంగీ, లావెర్‌దూర్ అని ఇద్దరు వీరులు. ఆ విమానాలు ఫోటోలంత కచ్చితంగా ఉంటాయి. వారంలో కొన్ని రోజులు జెట్ విమానం రెక్క కొలతలు, కొన్ని రోజులు గుమ్మడికాయ ముక్కులు. పుస్తకాల గిరాకీ పెరిగాక, 1960ల చివర విమానాల పని ఇంకొకరికి అప్పగించాడు గానీ, ఆ కచ్చితత్వం ఆస్టెరిక్స్‌లోకి వచ్చేసింది. మనుషులు హాస్యంగా ఉంటారు, వాళ్ళ వెనకున్న రోమ్ నగరం మాత్రం నిజం రోమ్ నగరమే. నవ్వు నమ్మకంగా నిలబడేది ఆ గోడల వల్లే.

మొదటి పుస్తకం 1961లో 6,000 ప్రతులు వేశారు. దశాబ్దం సగం దాటేసరికి కొత్త పుస్తకం మొదటి ముద్రణే పది లక్షలు దాటింది. 1965 నవంబరు 26న ఫ్రాన్సు తన మొట్టమొదటి ఉపగ్రహాన్ని పంపి, దానికి ఆస్టెరిక్స్ అని పేరు పెట్టింది. అదే ఏడాది వచ్చిన క్లియోపాత్రా పుస్తకం, ఎలిజబెత్ టేలర్ సినిమా ఆర్భాటం మీద వెక్కిరింత. అట్ట మీద, ఈ మహాకావ్యానికి ఎన్ని లీటర్ల సిరా, ఎన్ని బ్రష్షులు, ఎన్ని టైపురైటర్ రిబ్బన్లు ఖర్చయ్యాయో సినిమా పోస్టర్ తరహాలో లెక్క వేశారు. బ్రష్షులూ రిబ్బన్లూ ఒకే పద్దులో. జోకే అయినా, ఈ జంట తమ పనిని ఎలా చూసుకుందో అందులో ఉంది.

1970ల నాటి పుస్తకాల్లో ఇద్దరి పదునూ పతాకస్థాయిలో ఉంది. 1976లో వచ్చిన ఒబెలిక్స్ అండ్ కంపెనీలో సీజర్ దగ్గరికి ఒక యువ ఆర్థికవేత్త వస్తాడు. ఈ పల్లెని కత్తితో గెలవలేం, డబ్బుతో పాడుచేద్దాం అంటాడు. ఎందుకూ పనికిరాని నిలువురాళ్ళని ఎంత ధరైనా పెట్టి కొనడం మొదలుపెడతాడు. ఊరంతా రాళ్ళు చెక్కేవాళ్ళే అవుతారు. ధరలు, ప్రకటనలు, పోటీలు, చివరికి కుప్పకూలడం. మార్కెట్ గురించి పది ఉపన్యాసాలు చెప్పలేనిది అందులో ఉంది. ఆ ఆర్థికవేత్త ముఖం అప్పటి ఫ్రాన్సు ప్రధాని జాక్ షిరాక్‌ది. గొసీనీ వాదన రాస్తే, ఉడెర్జో ముఖం అందించాడు. అదే ఏడాది విడుదలైన వాళ్ళ కార్టూన్ సినిమాలో ఒక పత్రం కోసం వీరులిద్దరూ ప్రభుత్వ కార్యాలయంలో కిటికీ నుంచి కిటికీకి తిరిగే ఘట్టం ఉంది. ఏ దేశంలో చూపించినా అది మా ఊరి ఆఫీసే అంటారు.

1977 నవంబరు 5న గొసీనీ గుండె పరీక్ష చేయించుకోవడానికి వెళ్ళాడు. వ్యాయామం చేయిస్తూ గుండెని పరీక్షిస్తుండగానే గుండె ఆగిపోయింది. 51 ఏళ్ళు. అప్పటికి ఉడెర్జో బల్ల మీద బెల్జియం ప్రయాణం పుస్తకం సగంలో ఉంది, స్క్రిప్టు గొసీనీ పూర్తిగా ఇచ్చేశాడు. ఆ పుస్తకం 1979లో వచ్చింది. అందులో ఒక చోట నుంచి ఆకాశం మబ్బు పడుతుంది, వర్షం మొదలవుతుంది. మిత్రుడు పోయాక వేసిన పేజీలవి. కథలో జోకులు జోకులుగానే ఉన్నాయి. వాన మాత్రం చిత్రకారుడిది.

24 పుస్తకాలు కలిసి చేశాక ఆయన ముందు రెండు దారులున్నాయి. ఆపేయడం, లేదా తనే రాయడం. పత్రికలవాళ్ళు చాలామంది ఆస్టెరిక్స్ గొసీనీతోనే పోయాడని రాసేశారు. ఇరవై ఏళ్ళ పని తర్వాత, నువ్వు చెయ్యివి మాత్రమే, బుర్ర వేరేవాడిది అంటే ఎవరికి నొప్పి కలగదు? ఉడెర్జో సొంతంగా ప్రచురణ సంస్థ పెట్టాడు. దానికి పెట్టిన పేరు ఆల్బెర్ రెనే, తన పేరూ మిత్రుడి పేరూ. 1980 నుంచి 2005 దాకా ఎనిమిది పెద్ద కథలు ఒక్కడే రాసి, బొమ్మలు వేశాడు. లోపల కథా బొమ్మలూ ఉడెర్జోవే అని రాసుకున్నా, అట్ట మీద గొసీనీ పేరు మొదట, తన పేరు తర్వాత. పాతికేళ్ళూ అలాగే వేశాడు. 1981 నాటి పుస్తకంలో ఒక యూదు పాత్రకి గొసీనీ ముఖం ఇచ్చాడు. ముప్ఫై ఏళ్ళ తర్వాత 120 అసలు పేజీలు ఫ్రాన్సు జాతీయ గ్రంథాలయానికి ఇచ్చినప్పుడు, ఇద్దరూ కలిసి చేసిన మొదటి రెండు పుస్తకాలూ చివరి పుస్తకమూ ఎంచుకున్నాడు.

ఆ ఎనిమిది పుస్తకాలు ఎలా ఉన్నాయి? లక్షల్లో అమ్ముడయ్యాయి. బొమ్మ మరింత విస్తారంగా, మరింత వైభవంగా మారింది. కథ మాత్రం పలచబడింది. 1987లో వచ్చిన పుస్తకం మనకి దగ్గరిది, వీరులు ఇండియాకి వస్తారు. గంగాతీరంలో ఒక రాజ్యంలో వానల్లేవు. వెయ్యిన్నొక్క గంటల్లో వాన కురవకపోతే రాకుమారిని బలి ఇస్తారు. ఎగిరే తివాచీ మీద ఒక ఫకీరు గాల్ పల్లెకి వచ్చి, పాడితే వాన పడే గాయకుణ్ణి వెంట తీసుకుపోతాడు. ఆ ఊరి గాయకుడు పాడితే వాన పడేది శ్రావ్యత వల్ల కాదు, ఆ గొంతు ఆకాశం కూడా భరించలేకపోవడం వల్ల. ముత్తుస్వామి దీక్షితులు అమృతవర్షిణి పాడి వాన కురిపించారని చెప్పుకునే మనకి ఇది రెట్టింపు నవ్వు తెప్పించాలి. బొమ్మల్లో ఏనుగులు, రాజభవనాలు కన్నుల పండుగ. అయినా ఏదో వెలితి. ఆ తివాచీ, ఆ వెయ్యిన్నొక్క గంటలు అరేబియన్ రాత్రుల నుంచి వచ్చినవి. ఇండియా అక్కడ ఒక తెరమాత్రంగా ఉంటుంది. గొసీనీ బ్రిటన్‌కో, స్పెయిన్‌కో, కోర్సికాకో వీరుల్ని తీసుకెళ్ళినప్పుడు, ఆ దేశం గురించి ఫ్రెంచివాళ్ళకున్న దురభిప్రాయాల్ని ముందు పెట్టి, వాటినే ఆటపట్టించేవాడు. ఇండియా పుస్తకం దగ్గర ఆ రెండో మెట్టు లేదు.

ఆ మెట్టు ఎక్కించగల తెలివి ఉడెర్జోకి లేదని నేననను. ఉంది. ఆయన పాతికేళ్ళకు పైగా పనిచేసింది ప్రపంచంలోకెల్లా కట్టుదిట్టమైన స్క్రిప్టు రచయితతో. లేనిదల్లా, బల్ల అవతల కూచుని ఈ జోకు ఒక గడి ఎక్కువైంది, తీసెయ్యి అని చెప్పే మనిషి. ఒంటరిగా ఉన్నప్పుడు ఆయన తన మొదటి ప్రేమల దగ్గరికి తిరిగి వెళ్ళాడు. మాయలు, ఎగిరే వస్తువులు, కండలు, చివరి పుస్తకంలో అయితే ఆకాశం నుంచి దిగిన గ్రహాంతరవాసులు. అందులో ఒక గ్రహం పేరు వాల్ట్ డిస్నీ అక్షరాల్ని తారుమారు చేసి పెట్టాడు. చిన్నప్పటి గురువుకి నమస్కారం చేసుకున్నాడన్నమాట. విమర్శకులు ఆ పుస్తకాన్ని చీల్చి చెండాడారు. నాకు అందులో కనిపించేది 78 ఏళ్ళ మనిషిలోని క్లిషీ సూ బువా కుర్రవాడు. వద్దనేవాడు లేడు కనక స్వేచ్ఛగా ఆడుకున్నాడు. ఆ ఆటలో ఆనందం ఉంది, బిగింపు పోయింది.

తనతోనే ఆస్టెరిక్స్ ఆగిపోవాలని ఎన్నాళ్ళో అన్న ఉడెర్జో తర్వాత మనసు మార్చుకున్నాడు. చెయ్యి నొప్పి పెడుతోంది, సంస్థ చేతులు మారింది. 2013లో కొత్త జంట వచ్చింది, రచయిత జాన్ ఈవ్ ఫెరీ, చిత్రకారుడు దిదియే కొన్రాద్. గమనించారా, వారసుణ్ణి ఎంచుకునే వేళ మళ్ళీ ఇద్దరు కావలసి వచ్చారు. 2015 జనవరిలో షార్లీ ఎబ్దో పత్రిక కార్యాలయంలో కార్టూనిస్టుల్ని కాల్చి చంపినప్పుడు, వాళ్ళలో పాత పిలోత్ సహచరుడు కాబూ ఉన్నాడు. 87 ఏళ్ళ వయసులో ఉడెర్జో మళ్ళీ పెన్ను పట్టుకుని వాళ్ళ కోసం ఆస్టెరిక్స్‌ని గీశాడు. 2020 మార్చి 24న నిద్రలో గుండెపోటుతో వెళ్ళిపోయాడు. 92 ఏళ్ళు.

ఇవాళ బొమ్మల కథలు చేస్తున్న తెలుగు పిల్లలు చాలామంది కథా బొమ్మా రెండూ ఒక్కరే, ఒక పలక మీద, ఒక గదిలో కూచుని చేస్తున్నారు. అది తప్పని చెప్పే అధికారం నాకు లేదు. వాళ్ళకి ఒక చిన్న పని మాత్రం అప్పజెబుతాను. రెండు ఆస్టెరిక్స్ పుస్తకాలు సంపాదించి, పక్కపక్కన పెట్టుకుని చదవండి. ఒకటి 1971 నాటిది, సీజర్ ఆ పల్లె పక్కనే అడవి కొట్టించి అపార్ట్‌మెంట్లు కట్టించే కథ. రియలెస్టేట్ వచ్చాక పల్లెలో చేపల ధర ఎలా పెరిగిందో, పాత స్నేహితులు ఎలా వ్యాపారులయ్యారో చూడండి. రెండోది 1980 నాటిది, ఉడెర్జో ఒక్కడే రాసిన మొదటి కథ. అందులో ఒక పల్లె నడిమధ్య కందకం తవ్వి రెండుగా చీలిపోయి ఉంటుంది, ఇద్దరు పెద్దలు రెండు గట్ల మీద నిలబడి తిట్టుకుంటుంటారు. రెండింట్లోనూ గీత ఒకే చేతిది. ప్రతి పేజీ దగ్గరా ఆగి, ఇక్కడ ఏ గడి తీసేస్తే కథకి నష్టం లేదో పెన్సిలుతో గుర్తు పెట్టుకోండి. మొదటి పుస్తకంలో మీ పెన్సిలుకి పెద్దగా పని దొరకదు. రెండోదాంట్లో దొరుకుతుంది. ఆ గుర్తుల్ని లెక్కపెట్టుకున్నాక, మీ సొంత పేజీలు తీసి, అదే పని చేసిపెట్టమని మీకు బాగా ఎదురుచెప్పే స్నేహితుడి చేతికివ్వండి. అతను గీసిన గుర్తులకి కోపం వస్తే రానివ్వండి. అతని పేరు కూడా అట్ట మీద వేయడం మాత్రం మరిచిపోకండి.